అక్షరాల బండి

బండి ముందు చక్రానికి రెండు చుక్కలు నూనె వేసి, మోకాళ్ల మీద చేతులు ఆనించి, "అమ్మయ్య" అనుకుంటూ లేచి నిలబడింది పుస్తకాలక్క. నూనె వేసినా వేయకపోయినా ఆ చక్రం కీచుమనడం మానదు. అయినా రోజూ వేస్తుంది. ఆ కీచు వినబడగానే వార్డుల్లో మంచాల మీద జనం దిండ్లకు చేరగిలబడి కూర్చుంటారు. డాక్టరు వస్తే పడుకుంటారు, బండి వస్తే లేస్తారు. ఈ సంగతి ఆవిడకు లోలోపల కాస్త గర్వంగానే ఉంటుంది గానీ, మోకాళ్ల నొప్పుల ముందు ఏ గర్వమైనా ఎంతసేపు నిలుస్తుంది?

ఆ పెద్దాసుపత్రిలో రోగులకు చదువుకోడానికి పుస్తకాలు పంచడం ఆవిడ ఉద్యోగం. పెళ్లీ పెటాకులూ లేని మనిషి, జుట్టు నల్లగా ఉన్నప్పుడు చేరింది. ఆవిడ పంపకానికి ఒక పద్ధతుంది. రోజుకొక అక్షరం. ఇవాళ 'క' అంటే బండి నిండా 'క'తో మొదలయ్యే పుస్తకాలే. వాటిలో తనకు నచ్చినవేవో, ఎందుకు నచ్చాయో ప్రతి మంచం దగ్గరా చెబుతుంది. రెండో భాగం ఉన్న పుస్తకాన్ని మాత్రం బండెక్కనివ్వదు. ఎప్పుడో ఒకాయన మొదటి భాగం చదివి, రెండోది ఏదమ్మా అని అడుగుతూనే ఆపరేషన్‌కు వెళ్లి, ఇక రాలేదు. అప్పట్నుంచి ఒక్క పుస్తకంలో మొదలై అందులోనే ముగిసేవే. ఆసుపత్రిలో మనిషికి మిగిలిపోయిన కథ ఇవ్వకూడదని ఆవిడ ఒట్టు పెట్టుకుంది.

రంగులు వేస్తున్నారని రెండు రోజులుగా పుస్తకాల గదికి తాళం పెట్టి, ఇవాళే తీశారు. ఆవిడ లోపలికి వెళ్లి అలవాటుగా బీరువా అరల మీద చెయ్యి వేసింది. చెయ్యి వేసిన చోట తడబడి ఆగిపోయింది. పుస్తకాలన్నిటికీ ఒకే రకం మందపాటి గోధుమరంగు కాగితంతో అట్టలు వేసేశారు. ప్రతిదాని మీదా ఒక మూల చిన్న తెల్ల చీటీ, దాని మీద చీమల బారులాంటి అచ్చు.

"ఎలా ఉంది?" గుమ్మం దగ్గర్నుంచి పలకరించింది కొత్తగా వచ్చిన ఆఫీసరమ్మ. "ఆ నల్ల అట్టముక్కలన్నీ పీకించేశానండీ, చిన్నపిల్లల బడిలా ఉందని. ఇప్పుడు విషయాల వారీగా సర్దించాం."

"బావుందమ్మా."

"మీరు పుస్తకాల గురించి భలే చెప్తారట కదా! రేపు నేనూ మీ బండి వెంట వస్తాను, వినాలని ఉంది."

"రండమ్మా," అంది పుస్తకాలక్క. ఆఫీసరమ్మ చెప్పుల చప్పుడు దూరమయ్యేదాకా అలాగే నిలబడి, ఆ తర్వాత గోడకు ఆనుకుంది. 

ఎవరికీ తెలియనిది ఏమిటంటే, ఆవిడకు చదవడం వచ్చు గానీ అచ్చు కనబడదు. మూడు నాలుగేళ్ల కిందట రెండు కళ్లలోనూ సరిగ్గా నడిమధ్య పొగలాంటి మచ్చ మొదలైంది. ఎదురుగా చూస్తే ఎదుటివాళ్ల ముఖం ఉండదు, చెవులుంటాయి. పక్కచూపుతో చూస్తేనే మనిషి కనబడతాడు. కొత్త రోగులు ఈవిడకు ఎంత టెక్కు అనుకుంటారు. ఇక్కడ చూపించుకుంటే గుట్టు బయటపడుతుందని దూరంగా ఎక్కడో కంటి డాక్టరు దగ్గరికి వెళ్లింది. "అద్దాలతో పోయేది కాదమ్మా, ఉన్నదాన్ని కాపాడుకోండి," అన్నాడాయన. ఇంటికొచ్చి నల్ల అట్టతో అరచెయ్యంత అక్షరాలు కత్తిరించుకుంది. పుస్తకాలకు అంటించింది. రోజుకొక అక్షరం అన్న ఆట అలా పుట్టింది. అందరూ ముచ్చటపడ్డారు. అది ఆట కాదు, చేతికర్ర అని ఆవిడ ఎవరికి చెప్పుకుంటుంది?

చెబితే ఇంటికి పంపేస్తారు. ఇల్లంటే తమ్ముడి ఇల్లు. తమ్ముడు మంచివాడే, మరదలు అంతకంటే మంచిది. "ఇంక చాల్లే వదినా, ఎంతకాలమని తిరుగుతావు, హాయిగా కూర్చో," అంటూ కిటికీ పక్కన మెత్త వేసిన కుర్చీ కూడా తెప్పించి పెట్టింది. ఆ కుర్చీని తలుచుకుంటేనే ఆవిడకు ఒంట్లో ఓపిక పోతుంది. అందులో కూర్చుంటే కనబడని టీవీకేసి చూస్తూ, ఎవరైనా పలకరిస్తారేమోనని ఎదురుచూడాలి. ఇక్కడ బండి వెనక నిలబడితే తనే అందర్నీ పలకరిస్తుంది.

సరే, ఏం చేస్తుంది? చేతికందిన పుస్తకాలు బండిలోకి ఎత్తుకుంది. 'మ'తో మొదలయ్యేవి ఎక్కువ కాబట్టి ఎవరైనా అడిగితే 'మ' అందామనుకుంది. దేవుడి మీద భారం వేసి బండి తోసింది.

"ఏం అక్కా, ఈరోజు ఏ అక్షరం?" కాలికి కట్టు కట్టించుకుని పడుకున్న లారీ డ్రైవరు మొదటి మంచం మీద నుంచే కేకేశాడు.

"'మ' నాయనా."

"మంచిది చూసి ఒకటియ్యి."

ఆవిడ బండిలో చెయ్యి పెట్టి, పలచగా ఉన్నదొకటి తీసి ఇచ్చింది. డ్రైవరు పేరు చదివి పకపకా నవ్వాడు.

"ఇదేంటక్కా, కోళ్ల పెంపకం అని ఉంది?"

 ఇన్నేళ్ల వార్డుల అనుభవం ఊరికే పోదు. "కాలు బాగయ్యాక నువ్వు మళ్లీ లారీ ఎక్కడం మీ ఆవిడకి ఇష్టం లేదటగా. కోళ్లు పెంచుకో," అంది. చుట్టుపక్కల మంచాల వాళ్లంతా నవ్వారు. డ్రైవరు కూడా నవ్వి పుస్తకాన్ని ఉంచేసుకున్నాడు. ఆవిడ చీరకొంగుతో మెడ తుడుచుకుని ముందుకు కదిలింది.

ఆడవాళ్ల వార్డులో నవ్వుతో సరిపోలేదు. మర్నాడు ఆపరేషన్ ఉన్న ఒక టీచరు పుస్తకం అందుకుని, తిప్పి చూసి, మళ్లీ మొదటి పేజీ తీసింది.

"అక్కా, ఇది మొదటి భాగం," అంది చివరికి. "నువ్వు ఇలాంటివి ఇవ్వవు కదా."

ఆ గొంతులో భయం ఉంది. రేపు థియేటరులోకి వెళ్లేవాళ్లు ప్రతిదాన్నీ శకునంగా చూస్తారు. పుస్తకాలక్క ఆ పుస్తకాన్ని ఆమె చేతుల్లోంచి దాదాపు లాక్కుంది. "నా బుద్ధి గడ్డి తిన్నదమ్మా, రంగుల గొడవలో కలిసిపోయింది. నీకు రేపు సాయంత్రం మంచిది తెచ్చిస్తాను, నువ్వు బయటికి రాగానే," అని ఆమె చేతిని రెండు చేతులతో పట్టుకుంది. టీచరు తలూపింది. వరండాలోకి వచ్చాక ఆవిడ బండి ఆపేసి రెండు లెంపలూ వేసుకుంది. తన గుట్టు కోసం ఇంకొకరిని భయపెట్టే స్థితికి వచ్చానా అని ఏడుపొచ్చింది. కాళ్లు పీకుతున్నాయి. ఇవాళ్టికి ఇంక చాలు, వెళ్లి ఆఫీసరమ్మ చెవిన వేసేద్దామనుకుంది.

కానీ మగవాళ్ల వార్డు చివర, రోజూ ఆఖరున వెళ్లే కిటికీ పక్క మంచం మిగిలింది. ఆ మంచం చూడకుండా వెళ్లే అలవాటు లేదు.

అక్కడ దర్జీ బాబాయ్ ఉంటాడు. ముక్కుకు గొట్టం, ఎముకల మీద వేలాడే ఆసుపత్రి చొక్కా, దాని కాలరులో గుచ్చిన సూది. ఊపిరితిత్తులు చెడిపోయి ఎన్నో నెలలుగా అదే మంచం మీద ఉన్నాడు. నర్సుల బొత్తాలన్నీ ఆయనే కుట్టిపెడతాడు. రంగులు వేయడానికి ముందు ఆవిడ ఇచ్చిన 'మేడమీది పెట్టె' ఆయన ఒళ్లో ఉంది. పాత అట్టతో, అట్ట మీద నల్ల అక్షరంతో మిగిలిన పుస్తకం అదొక్కటే.

"రా అమ్మాయీ. ఇవాళ కీచు నెమ్మదిగా ఉందేం?" అన్నాడు. ఒక్కో మాటకూ ఊపిరి కూడదీసుకుంటున్నాడు. "నా పుస్తకం అయిపోయింది. ఆ పైన ఉన్నదేంటో పేరు చదివి చెప్పు, బాగుంటే తీసుకుంటా."

ఆవిడ పై పుస్తకం తీసి, ముఖానికి దగ్గరగా, పక్కకు, దూరంగా పెట్టి చూసింది. "ఇది... బాబాయ్, ఇది నీకు నచ్చదులే," అంటూ నీళ్లు నమిలింది.

"ఎన్నాళ్లయింది?" అన్నాడాయన నెమ్మదిగా.

"ఏది?"

"చూపు పోయి. మా గురువుగారు కూడా చివర్లో ఇట్లాగే మెడ పక్కకి తిప్పి గుడ్డ చూసేవాడు. ఎవరికీ చెప్పలేదు. మేం సూదుల్లో దారాలు ముందే ఎక్కించి పెట్టేవాళ్లం, ఆయన చూడనప్పుడు."

పుస్తకాలక్క స్టూలు లాక్కుని కూర్చుంది. ఇన్నేళ్లలో పంపకం మధ్యలో ఆవిడ కూర్చోవడం అదే మొదటిసారి. కూర్చున్నాక అన్నీ చెప్పేసింది, మచ్చ సంగతీ, అట్టముక్కల సంగతీ, రేపు ఆఫీసరమ్మ రావడం, ఇంట్లో కుర్చీ. చెప్పీ చెప్పీ అలసిపోయి, కళ్లు తుడుచుకుంది.

"ఇంకోటుంది బాబాయ్. ఎవరితోనూ అనకు." గొంతు తగ్గించింది. "ఆ మేడమీది పెట్టె ఉందే. నాకు ప్రాణం. ఎంతమందికి ఇచ్చానో. కానీ చివరి పేజీలు నేను చదవలేదు. అక్కడికొచ్చేసరికే కళ్లు మొరాయించాయి. ఎవర్నైనా అడుగుదామంటే, నువ్వే కదా చదవమన్నావు అంటారు. ఇంతకీ ఆ పెట్టెలో ఏముంది?"

దర్జీ బాబాయ్‌కి నవ్వొచ్చింది. నవ్వు దగ్గులోకి మారి, నర్సు పరుగెత్తుకొచ్చి, వీపు రాసి వెళ్లేదాకా తగ్గలేదు.

ఆ పుస్తకం గదులు అద్దెకిచ్చే ఒకావిడ కథ. మేడమీద గదిలో దిగినవాడు ఒక రోజు చెప్పకుండా వెళ్లిపోతాడు. అతని పెట్టె మిగిలిపోతుంది. తాళం తీయకుండా ఆవిడ ఏళ్ల తరబడి దాని దుమ్ము దులుపుతూ, గది ఇంకెవరికీ ఇవ్వకుండా ఉంచుతుంది.

"ఏమీ లేదు. ఖాళీ," అన్నాడాయన.

"ఖాళీనా! ఇన్నేళ్లూ ఖాళీ పెట్టెనా నేను నెత్తికెత్తుకుంది?"

"వెళ్లేవాడు కావాలనే వదిలి పోయాడు తల్లీ. పెట్టె ఉంటే మనిషి వస్తాడనుకుంటారుగా. ఆవిడకి ఆ మాత్రం ధైర్యం ఇచ్చి పోదామని."

 రాసినాయన బాగానే రాశాడు అనిపించింది ఆవిడకు. మంచి పుస్తకమని తను ఇన్నాళ్లూ జనానికి చెప్పింది అబద్ధమేమీ కాదని కాస్త తేలిక పడింది.

దర్జీ బాబాయ్ దిండు కిందనుంచి మడతపెట్టిన తెల్లచొక్కా తీశాడు. ఆసుపత్రిలో చేరిన రోజు వేసుకొచ్చింది. ఇంటికి వెళ్లే రోజు వేసుకోవాలని ఉతికించి దాచుకున్నది.

"అది నువ్వు ఇంటికి వెళ్లేటప్పుడు..." అంది ఆవిడ.

"చొక్కాలు కుట్టేవాడికి చొక్కాకి కరువా?" అని అంచు పళ్లతో కొరికి సర్రున చింపాడు.  ఆయన నర్సును పిలిచి కాసింత అంటించే ప్లాస్టరు పట్టీ ఇప్పించుకున్నాడు. "అరచెయ్యంత ముక్కల మీద అక్షరాలు కుట్టి అంటిస్తా. బొత్తాల దారం నల్లది, లావుది. వేలితో తడిమినా తెలుస్తుంది. చీటీల మీద పేర్లు నేను చూసుకుంటా. బండి ఇక్కడ వదిలేసి పో. రేపు పొద్దున్నకి ఎన్నయితే అన్ని."

"నీకు ఆయాసం బాబాయ్."

"పనిలేక వచ్చిన ఆయాసమే ఇది. నువ్వెళ్లు."

ఆ సాయంత్రం పుస్తకాలక్క ఇంటికెళ్లి, మరదలు బతిమాలితే కిటికీ పక్క కుర్చీలో కాసేపు కూర్చుంది. మెత్తగానే ఉంది. ఎక్కువసేపు కూర్చోబుద్ధి కాలేదు.

పొద్దున్నే ఆఫీసరమ్మ వార్డు గుమ్మం దగ్గర ఎదురైంది. ఇద్దరూ కలిసి లోపలికి నడిచారు. కిటికీ పక్కన బండి ఉంది. మంచం మీద పరుపు సగానికి మడిచి ఉంది. ఆవిడకు అది ఎదురుగా కనబడలేదు. పక్కచూపుతో కనబడింది.

"తెల్లవారుజామున," అంది నర్సు దగ్గరికొచ్చి, ఆవిడ భుజం మీద చెయ్యి వేసి. "బాధేమీ పడలేదక్కా. వాళ్లబ్బాయి వచ్చి తీసుకెళ్లాడు. పడుకోమంటే వింటేగా, ఇదొక్కటీ, ఇదొక్కటీ అంటూనే ఉన్నాడు."

బండిలో పుస్తకాలు వరసగా ఉన్నాయి. గోధుమరంగు అట్టల మీద తెల్లగుడ్డ ముక్కలు, వాటి మీద ఉబ్బెత్తుగా నల్ల అక్షరాలు. పుస్తకాలక్క ఒక్కొక్కదాని మీదా వేళ్లు పోనిచ్చింది. అన్నీ తెలుస్తున్నాయి.

ఆఫీసరమ్మ ఒకటి ఎత్తి చూసింది. "ఎంత శ్రద్ధగా కుట్టారండీ! నేను పీకించినవాటి కంటే ఇవే బావున్నాయి. ఉంచేద్దాం. గదిలో మిగతావాటికి కూడా ఆయన చేతే కుట్టిద్దాం. ఎవరాయన?"

 నర్సు మడిచిన పరుపు వైపు చూసింది. ఆఫీసరమ్మ కూడా అటు చూసి, చేతిలోని పుస్తకాన్ని మెల్లిగా బండిలో పెట్టేసింది.

"అక్కా, ఈరోజు ఏ అక్షరం?" అవతలి చివర్నుంచి లారీ డ్రైవరు కేక. నిద్ర లేచి ఎంతోసేపు కాలేదు, వాడికింకా తెలియదు.

ఆవిడ అన్నిటికంటే పైన ఉన్న పుస్తకం మీద చెయ్యి వేసింది. వేలికి చురుక్కుమని గుచ్చుకుంది.

"నిన్నటి అక్షరమే నాయనా," అని జవాబిచ్చి, చీరకొంగు నోటికి అడ్డం పెట్టుకుంది.

ఆ పుస్తకం మేడమీది పెట్టె. పాత నల్ల అట్టముక్క ఊడదీసి ఉంది. దాని చోట తెల్లచొక్కా ముక్క మీద సగం కుట్టిన 'మ', అందులోనే నిలబెట్టి గుచ్చిన సూది, ఇంకా తెంపని దారం.