సన్నాయి ఇంట చేపనూనె

నేను ఒక చేపనూనె గోళీల డబ్బాను. ఏ సముద్రపు చేపలో నాకు తెలియదు. వాటి నూనెను మెత్తటి గోళీల్లో నింపి, నా కడుపులో పోసి, మూత బిగించి లారీ ఎక్కించారు. అమలాపురంలో ఒక దుకాణం అద్దాల వెనక నిలబడి ఉండగా డోలు వాయించే తాతబ్బాయి నన్ను కొన్నాడు. తన కోసం కాదు, బావ సోమేశం కోసం.

సోమేశం సన్నాయి విద్వాంసుడు. కిందటి వేసవిలో గుండెపోటు వస్తే డాక్టరు స్టెంటు వేసి, బిళ్లలు రాసిచ్చి, ఉప్పూ నూనే తగ్గించమన్నాడు. అప్పటినుంచి అతని భార్య తాయారు చప్పిడి కూరలు వండటం, అతను కంచం పక్కకు నెట్టడం. ఇద్దరూ చిక్కిపోయారు.

“బావా, ఇది వేసుకో. గుండెకి దీన్ని మించింది లేదంట” అన్నాడు తాతబ్బాయి.

“ఆ బిళ్లలు మింగితే కడుపులో మంటరా. ఇక అవి మానేస్తాను” అన్నాడు సోమేశం. ఎన్నాళ్లకో అతని మొహం వెలిగింది. “తాయారూ, ఆవకాయ జాడీ దింపు!”

“డాక్టరుగారిని ఒక్కమాట అడగండి” అంది తాయారు.

“అడిగితే వద్దంటాడు. ఆయన మందులు ఆయన అమ్ముకోవాలిగా.”

నాలో విషం లేదు. అలాగని ఆ బిళ్లలు చేసే పని నాకు చేతకాదు. ఉన్నది నూనె. ఆ మాట చెప్పడానికి నోరు లేదు. మనుషులు మాత్రం చేదుగా ఉన్నదాన్ని అనుమానిస్తారు, మెత్తగా ఉన్నదాన్ని నమ్ముతారు.

కొన్నాళ్లు ఇల్లు కళకళలాడింది. సన్నాయి మోగింది, డోలు పలికింది. ఒక మధ్యాహ్నం సాధన మధ్యలో సన్నాయి తెగిపోయినట్టు ఆగింది. సోమేశం ఎడమచెయ్యి పట్టుకుని గోడకు జారగిలబడ్డాడు. ఒళ్లంతా చెమట.

తాతబ్బాయి డోలు వదిలేసి పరుగున వచ్చి నా మూత తీశాడు. ఆ తొందరలో గోళీలు చాప మీద దొర్లాయి. వాటిని ఏరి బావ నోట్లో కుక్కబోయాడు.

“మింగు బావా, తగ్గిపోద్ది! మింగు!”

“ఒరేయ్, అవి పారేసి ఆటో పిలవరా!” తాయారు అరిచింది.

“ఒక్క నిమిషం అక్కా, పనిచేస్తాది...”

ఆమె తమ్ముణ్ణి తోసేసి వీధిలోకి పరుగెత్తింది.

ఆసుపత్రిలో ఏ మందులు వాడుతున్నాడని డాక్టరు అడిగితే తాయారు బిళ్లలు మానేశారని చెప్పి నన్ను బల్ల మీద పెట్టింది. ఆయన నన్ను చూసి కళ్లు మూసుకున్నాడు.

“ఇది చేపనూనె అమ్మా. తిండి పథ్యమైనా, ఇలాంటివైనా ఆ బిళ్లలకు బదులు కావు. అవి మానేయడంతో స్టెంటులో రక్తం గడ్డకట్టింది.”

తెల్లటి తలుపుల వెనక ఏం చేశారో నేను చూడలేదు. చాలాసేపటికి ఆయన బయటికొచ్చి తల అడ్డంగా ఊపాడు.

తాతబ్బాయి నేల మీద కూలబడి తల బాదుకున్నాడు. “నేనే చంపేశానక్కా!”

తాయారు ఏడవలేదు. వాడి తల తన కాళ్లకు అదుముకుంది. “చావాలని కొన్నావట్రా? బతకాలనే కదా” అంది. ఆ గొంతు విన్నాక నాకు పగిలిపోవాలనిపించింది. ప్లాస్టిక్‌కు అదీ చేతకాదు.

ఇంటికి తిరిగొచ్చే దారిలో ఆమె నన్ను మురుగుకాలువ పక్క చెత్తకుప్ప మీదికి విసిరింది. సగం గోళీలు ఇంకా కడుపులోనే ఉన్నాయి.

ఈ ఉదయం కాగితాలేరుకునే ఒకామె నన్ను పైకి తీసి, కొంగుతో తుడిచి, టీకొట్టు అతనికి చూపించింది.

“ఏంటిదండీ?”

“గుండెకంటమ్మా. మంచిదే.”

“మా ఆయనకి నాలుగడుగులేస్తే ఆయాసం బాబూ. ఆసుపత్రికి రమ్మంటే రాడు” అంటూ ఆమె నన్ను కొంగున ముడేసుకుంది. కళ్లలో ఎంత ఆశో.

అమ్మా, నన్ను పారెయ్యి. ఆయన్ని తీసుకెళ్లు.

ఆమె గబగబా ఇంటివైపు నడుస్తోంది.