బొట్టు కింది ముఖం

నేను ఒక రంగుల స్లైడును. దయచేసి ఫోటో అనకండి, ఒళ్ళు మండుతుంది. ఫోటోని బల్ల మీద పెట్టుకుని చూస్తారు, నన్ను వెలుతురుకి ఎత్తి పట్టి చూడాలి. బొటనవేలంత ఫిల్ము ముక్క, దాని చుట్టూ అట్ట చట్రం, అంతే నేను. వెలుతురు నాలోంచి పోవాలి, మధ్యలో ఏదీ అడ్డం ఉండకూడదు. ఇంత చిన్న విషయం అర్థం కావడానికి సైన్యంలో నాయక్‌గా చేసిన పోలినాయుడి ఇంటివాళ్ళకి అరవై ఏళ్ళు పట్టింది.

నేను పుట్టింది గాజాలో. ఐక్యరాజ్య సమితి తరఫున అక్కడ కాపలాకి వెళ్ళిన మన దళంలో పోలినాయుడు ఇసుకలో టెలిఫోను తీగలు లాగే పని చేసేవాడు. సొంతూరు విజయనగరం దగ్గర రేగుపాలెం. ఓ స్వీడన్ సిపాయి దగ్గర పాత కెమెరా కొని, కనబడ్డదల్లా తీశాడు. డేరా తాళ్ళ మీద ఆరేసిన బనీన్లు, క్షవరం చేయించుకుంటున్న సుబేదారు, ఇసుకలో కూరుకుపోయిన జీపు, దాన్ని తొయ్యకుండా చుట్టూ నిలబడి సలహాలిస్తున్న పదిమంది. తుపాకీ పేల్చే బొమ్మ ఒక్కటి లేదు. పేలిస్తే కదా తియ్యడానికి.

తీసేవాడు తనే కాబట్టి ఏ బొమ్మలోనూ తను లేడు. ఓ రోజు వంటవాడికి జ్వరమొచ్చి, తీగలు లాగే సిగ్నల్స్ వాళ్ళని ఉల్లిపాయలు ఒలవడానికి కూర్చోబెట్టారు. పోలినాయుడు కెమెరాని కురియన్ అనే నేస్తం చేతికిచ్చి, నన్నూ ఒకటి తియ్యవయ్యా అన్నాడు. కురియన్ అందరూ పడాలని వెనక్కి నడిచాడు. డేరాలూ పడాలని ఇంకా వెనక్కి నడిచాడు. ఆకాశం కూడా పడాలనుకున్నాడు కాబోలు. చివరికి నాలో పోలినాయుడి ముఖం ఆవగింజంత అయింది. ఆ మహానుభావుడు నాలుగడుగులు ముందుకి వేసుంటే నాకీ కష్టాలే ఉండేవి కావు.

సెలవు మీద ఇంటికొచ్చినప్పుడు పోలినాయుడు మమ్మల్ని ఓ పెట్టెలో పెట్టి తెచ్చాడు. గోడ మీద పెద్దగా చూపించే మిషను కొనే స్తోమత లేదు. ఊరంతా అరుగు మీద చేరి, ఒకరి తరవాత ఒకరు మమ్మల్ని ఎండకి ఎత్తి పట్టారు. జిడ్డు వేళ్ళు, పొగాకు వేళ్ళు, జంతికలు తిన్న వేళ్ళు. మేనమామ నన్ను చూసి పెదవి విరిచాడు.

"ఉల్లిపాయలు ఒలవడానికి సముద్రం దాటి ఎల్లినావేటిరా?"

పోలినాయుడి భార్య తవిటమ్మ వంతు ఆఖరున వచ్చింది. చంకలో పిల్లాడు. ఆ ఊళ్ళో నన్ను అంచులు పట్టుకుని చూసిన మనిషి ఆమె ఒక్కతే, అందుకే ఆమె అంటే నాకు మొదటి నుంచీ గౌరవం. ఆవగింజని పోల్చుకుంది గానీ ముఖం ఎలా ఉందో తెలియలేదు. వచ్చే సెలవుకి మిషను తెచ్చి గోడంత చేసి చూపిస్తాలే అన్నాడు మొగుడు.

వచ్చే సెలవు రాలేదు. అరవై అయిదు యుద్ధంలో పంజాబు సరిహద్దులో పోయాడు.

అక్కడి నుంచి ఆ ఇంట్లో ఆయన ముఖానికి పట్టిన గతి వినండి. సైన్యం కాగితాల మీది బిళ్ళంత ఫోటోని విజయనగరంలో పెద్దది చేయించారు. ముఖం మసగ్గా ఉంటే స్టూడియోవాడు ఊరుకోవచ్చుగా. ఆ రోజుల అలవాటు కొద్దీ కోటు తొడిగాడు, టై కట్టాడు, బుగ్గలకి గులాబి రంగు పూశాడు. తవిటమ్మ ఆ పటం చూసి, "ఈయనెవులు?" అంది. పాపం, దుఃఖంలో మతి చలించిందన్నారు. పటానికి దండ వేశారు. ఆమె రోజూ ఆ కోటాయనకి దీపం పెట్టింది.

ఇక మిగిలిన అసలు ముఖం నాలో ఉన్న ఆవగింజ ఒక్కటే. దాన్ని కూడా బతకనివ్వలేదు.

ఏడాది మైల తీరాక వచ్చిన దసరాకి కొడవలికీ నాగలికీ సైకిలుకీ బొట్లు పెడుతూ, సిపాయి ఇంట్లో సిపాయి సామానే ఆయుధాలని పోలినాయుడి తల్లి నూకాలమ్మ తీర్పు చెప్పింది. బూట్లు, బెల్టు, అన్నం తినే డబ్బా, వాటి పక్కన మా పెట్టె. పెట్టె మూతకి పెట్టి వదిలేస్తే సరిపోయేది. లేదు, నన్ను వెతికి బయటికి తీసింది. కుంకుమ నూనెలో కలిపి, ఉంగరపు వేలితో కొడుకు నుదుటికి అద్దింది. నుదురెక్కడిది తల్లీ? ముఖమే ఆవగింజ, నీ వేలు చిక్కుడుగింజ. తల మొత్తం పోయింది.

"అత్తా, మొకం," అంది తవిటమ్మ గడప అవతలి నుంచి. ముండమోసిన మనిషి పూజ దగ్గరికి రాకూడదు. ఆ మాట గడప దాటినా ఎవరి చెవికీ ఎక్కలేదు.

మరుసటి ఏడు బొట్టు మీద బొట్టు. ఆ పై ఏడు దాని మీద ఇంకోటి. నూకాలమ్మ పోయాక పోలినాయుడి కొడుకు జగన్నాథం అందుకున్నాడు. తండ్రి ఎలా ఉంటాడో ఎరగడు గానీ బొట్టు మాత్రం ఏ ఏడూ తప్పలేదు. ఆయన భక్తి నా మీద పెచ్చు కట్టింది.

ఈ ఏడు ఊరి బడి ముందు, యుద్ధంలో పోయినవాళ్ళ ముఖాలు చెక్కి రాయి నిలబెడదామన్నారు. జగన్నాథం పటం ఇవ్వబోతే తవిటమ్మ అడ్డుపడింది. "ఇన్నాళ్ళూ ఇంట్లో ఊరుకున్నాను. రాయి మీద సెక్కితే ఇక మారదు. ఆ కోటోడ్ని ఒప్పుకోను," అంది. అప్పుడు మనవరాలు భార్గవి పెట్టె దించి, నన్ను విశాఖపట్నంలో ఓ కంప్యూటరు కుర్రాడి దగ్గరికి తీసుకెళ్ళింది. అతను నన్ను యంత్రంలో పెట్టి, బొట్టు తుడిస్తే ముఖం కూడా ఊడొస్తుందని బెదిరించి, కంప్యూటరు చేత బొట్టు తీయించి అక్కడో కొత్త ముఖం వేయించాడు. కోర మీసం, మెరిసే పళ్ళు. అసలు ముఖం ఆ యంత్రం ఎక్కడ చూసిందని అడిగినవాడు లేడు. నాన్న ఎంత అందగాడోనని జగన్నాథం కళ్ళు తుడుచుకున్నాడు.

"ఎవుడీ గుంటడు?" అంది తవిటమ్మ.

భార్గవికి పట్టుదల వచ్చింది. పాత కాలేజీ ఒకదాంట్లో మూలన పడున్న స్లైడ్ల మిషను అడిగి తెచ్చింది. మధ్యాహ్నం తలుపులు మూసి, కిటికీకి దుప్పటి కట్టి, నన్ను అందులో నిటారుగా దూర్చారు. నన్ను తలకిందులుగా పెట్టాలి. చెబుదామంటే నాకు నోరేదీ. సిపాయిలంతా గబ్బిలాల్లా ఇంటి కప్పు నుంచి వేలాడారు. తీసి తిప్పి పెట్టాక డేరాలు నిలబడ్డాయి, ఉల్లిపాయల గుట్ట వచ్చింది, బనీన్లతో ఆరుగురు వచ్చారు. ఆరో మనిషికి తల ఉండాల్సిన చోట గుమ్మడికాయంత నల్లటి గుండు. అన్నేళ్ళ కుంకుమ పెచ్చు వెలుతురుని రానిస్తుందా?

ఇక తగువు మొదలైంది. తుడిచి చూద్దామంది భార్గవి, మళ్ళీ తనే భయపడింది. పూజ చేసిన బొట్టు తుడిస్తే అరిష్టమన్నాడు జగన్నాథం. నాకు రెండు వైపులుంటాయి. రంగులున్న వైపు మసగ్గా, వెనక వైపు నున్నగా మెరుస్తూ. నూకాలమ్మ బొట్టు పెట్టింది నున్నటి వైపు. ఒక్కసారి తిప్పి చూస్తే తెలిసిపోయేది. తిప్పరు. అరుచుకుంటారు గానీ తిప్పరు.

"ఇలగియ్యి," అంది తవిటమ్మ.

"అమ్మా, బొట్టు తుడవకూడదే."

"నా బొట్టు తుడిసిన్నాడు ఎవులూ ఒద్దన్నేదు."

ఆమె నన్ను అంచులతో పట్టుకుని, కళ్ళజోడు మీద ఊదినట్టు ఊది, చీర కొంగుతో తుడిచింది. పెచ్చు రాలేదు. మళ్ళీ ఊదింది, గట్టిగా రుద్దింది. జగన్నాథం ముఖం తిప్పుకున్నాడు.

ఈసారి గోడ మీద పోలినాయుడికి తల ఉంది. ఒక చెంప మీద కాస్త ఎరుపు మిగిలింది, అంతే. ఇరవై ఎనిమిదేళ్ళవాడు, చేతిలో ఉల్లిపాయ, బుగ్గల మీద కన్నీళ్ళు ధారలు, ముక్కు కారుతోంది. దానికి తోడు నవ్వుతున్నాడు.

తవిటమ్మ గోడ దగ్గరికి వెళ్ళింది. ఆమె నీడ ఉల్లిపాయల మీద పడింది.

"నీ సిగ్గు సెరవా," అంది. "నాను పొగపొయ్యి కాడ ఏడస్తా వొండితే, మంచం మీద కూకుని, కారం సాల్నేదన్నావు. ఇంటికాడ ఒక్క ఉల్లిపాయ ఒలిసినావా? పరాయి దేశం ఎల్లి బస్తాలు ఒలిసినావా?"

అంతటితో ఆగలేదు. వస్తానని రాకపోవడం గురించి తిట్టింది. తెస్తానన్న మిషను గురించి తిట్టింది. మధ్యలో వెనక్కి తిరిగి, "ఈ మొకమే సెక్కమను, కన్నీలతోటే," అని కొడుక్కి చెప్పి, మళ్ళీ గోడ వైపు తిరిగింది.

మిషను వేడికి నా అట్ట మాడుతోంది. భార్గవి ఆపబోతే జగన్నాథం ఆమె చెయ్యి పట్టుకున్నాడు. ఆ ఇంట్లో ఇన్నేళ్ళుగా పోలినాయుడికి అందరూ దణ్ణాలే పెట్టారు, ఒక్కరూ తిట్టలేదు. మాడితే మాడాను, ఆమెని తిట్టనివ్వండి.