విజిల్ పడేదాకా

స్కూలు పిల్లలు రోడ్డు దాటే చోట రెండో జెండా కర్రను గొట్టంలోకి దించుతుండగా వెర్లీ ట్రాంటర్ ఎడమ చెయ్యి మళ్ళీ మొరాయించింది. మొన్నటి నుంచీ ఇదే వరస. భుజం దగ్గర మొదలై, మోచేతి మీదుగా పాకి, చిటికెన వేలి దగ్గర ఆగే నొప్పి. ముప్ఫై ఒక్క ఏళ్ళు స్టాప్ బోర్డు మోసిన చెయ్యి నొప్పి పెట్టక ఏం చేస్తుందిలే అనుకుని, పొద్దున్నే గుర్రాలకు రాసే తైలం పట్టించుకుని వచ్చింది. డాక్టరు దగ్గర సోమవారానికి పేరు రాయించింది. ఈ రోజే రమ్మన్నారు గానీ, శుక్రవారం ఆమెకు కుదరదు. శుక్రవారం క్లినిక్ రోజు.

ఆమెకు అరవై తొమ్మిదేళ్ళు. పొట్టి మనిషి. ఎండకు మచ్చలు తేలి, డాక్టర్లు రెండుసార్లు చెక్కిన ముక్కు. నారింజ రంగు కోటు మోకాళ్ళ కిందికి వేలాడుతుంటుంది. అది మునిసిపాలిటీ ఇచ్చినది, మగవాడి కొలతకు కుట్టినది. కాస్త చిన్నది ఇప్పిద్దామని ఇన్నేళ్ళలో ఒక్క పెద్దమనిషికీ తోచలేదు. మెడలో నల్ల తాడుకు ఇత్తడి విజిల్. భర్త కీత్ వెన్న ఫ్యాక్టరీలో పనిచేసి, అందులోంచి రిటైరైన ఏడాదే పోయాడు. పిల్లలు లేరు. ఊళ్ళో నలభై రెండేళ్ళ లోపు వాళ్ళందరినీ మాత్రం ఎప్పుడో ఒకప్పుడు ఆమే రోడ్డు దాటించింది.

రోడ్డుకి ఇటు ప్రైమరీ స్కూలు, దాన్ని ఆనుకుని ఫుట్‌బాల్ మైదానం, కార్లు ఆపుకునే ఖాళీ స్థలం. అటువైపు గోధుమరంగు తలుపున్న ఇటుకల ఇల్లు. బోర్డు లేదు. ప్రతి శుక్రవారం మెల్‌బోర్న్ నుంచి డాక్టరు వచ్చి గర్భస్రావాలు చేసేది అక్కడేనని ఊళ్ళో కుక్కలకు కూడా తెలుసు. అటువైపు కారు ఆపే చోటు లేదు కాబట్టి, వచ్చిన ఆడవాళ్ళు ఇటు దిగి, వెర్లీ జెండాల మధ్య నుంచే దాటాలి.

అందుకే గర్భస్రావాలు పాపమనే ప్రార్థన బృందం ఇటే కాపు కాసేది. పందొమ్మిదేళ్ళుగా ప్రతి శుక్రవారం. కారు తలుపు తెరుచుకోవడం ఆలస్యం, చేతిలో రంగుల కాగితం, నోట్లో 'హత్య' అన్న మాటతో మూగేవాళ్ళు. రోడ్డు దాటి గోధుమరంగు తలుపు దాకా వెంటపడేవాళ్ళు. దానికి వాళ్ళు పెట్టుకున్న పేరు 'సలహా ఇవ్వడం'. వెర్లీ కళ్ళకు మాత్రం అది ఆడదాని వెంటపడే తాగుబోతు చేసే పనే. తాగుబోతైనా తెల్లారాక కాస్త సిగ్గుపడతాడు.

వాళ్ళ పెద్ద క్లెమ్ డౌలింగ్. గడ్డి కోసే మెషీన్లు బాగుచేస్తాడు. అతను బాగుచేసిన మెషీను వారం తిరక్కుండా మళ్ళీ ఆగిపోతుంది, అది వేరే సంగతి. మెషీను సరిగ్గా బిగించలేని చేతులకు ఊళ్ళో ఆడవాళ్ళ బతుకులు బిగించగలమన్న నమ్మకం ఎక్కడి నుంచి వచ్చిందో! వెర్లీ ఉద్యోగంలో చేరిన ఏడాది అతను అయిదో తరగతి. ముక్కు తుడుచుకోవడం రాని ఆ పిల్లవాడికి, విజిల్ రెండుసార్లు పడేదాకా రోడ్డు గట్టు దిగకూడదని భుజం పట్టుకుని నేర్పింది ఆమే. చదివిన చదువులో వాడికి ఒంటబట్టింది అదొక్కటే.

పదహారేళ్ళ కిందట ఒక పిల్ల, ఇరవై కూడా ఉండవు, క్లెమ్ తన మొహం మీదికి తోసిన పిండం బొమ్మ చూసి వెనక్కి అడుగేసింది. వెనక రోడ్డు. పాల ట్యాంకరు జానెడు దూరంలో కీచుమని ఆగింది. డ్రైవరు దిగి, చెట్టుకింద వాంతి చేసుకున్నాడు. క్లెమ్ వంగి, కింద పడిన తన బొమ్మ ఏరుకుని దుమ్ము దులుపుకున్నాడు. ఆ వేళ వెర్లీకి పుట్టిన అసహ్యం మళ్ళీ తగ్గలేదు. కడుపు ఉంచుకోవడం, తీయించుకోవడం గురించి ఆమెకు పెద్ద అభిప్రాయాలేమీ లేవు. ఆదివారాలు చర్చిలో పూలు సర్దేది కూడా ఆమే. రోడ్డు దాటే మనిషి వెంట పడకూడదు. ఆమెకున్న సిద్ధాంతమంతా అంతే.

ఆ మరుసటి శుక్రవారం నుంచే మొదలుపెట్టింది. ఎవరైనా ఆడమనిషి తలవంచుకుని వస్తే, బోర్డెత్తి రోడ్డు మధ్యకు వెళ్ళి నిలబడేది. విజిల్ ఊదేది కాదు. కళ్ళతోనే 'రా తల్లీ' అనేది. ఆ మనిషి దాటిపోయేది. వెనకాలే ఉరుక్కుంటూ వచ్చిన క్లెమ్ మాత్రం గట్టు అంచున ఆగిపోయేవాడు. విజిల్ పడలేదు మరి! అతని వెనక మిగతా వాళ్ళూ ఆగేవాళ్ళు. అయిదేళ్ళ వయసులో ఇక్కడి మనుషుల కాళ్ళలోకి దిగే అలవాటు అది, చచ్చేదాకా పోదు. ముక్కూమొహం తెలియని పిల్లను హంతకురాలా అని పిలవడానికి జంకని వీరులు, విజిల్ పడందే తారు మీద కాలు మోపడానికి జంకేవాళ్ళు.

మునిసిపాలిటీకి ఫిర్యాదులు వెళ్ళాయి. ట్రాఫిక్ ఆఫీసరు రస్సెల్ ఒకరోజు నీళ్ళు నములుతూ వచ్చాడు.

"విజిల్ ఊదండి వెర్లీ, మీకు పుణ్యముంటుంది. ఊదితే ఏం పోతుంది?"

"ఊపిరి పోతుంది నాయనా. ముసలిదాన్ని. స్కూలు పిల్లల కోసం దాచుకుంటున్నాను."

రస్సెల్ తల గోక్కుని వెళ్ళిపోయాడు. మళ్ళీ రాలేదు.

ఇన్నాళ్ళకు మెల్‌బోర్న్‌లో పెద్దలకు మెలకువ వచ్చింది. సోమవారం నుంచి చట్టం. ఇలాంటి క్లినిక్కుకు నూటయాభై మీటర్ల లోపల వచ్చేవాళ్ళ వెంటపడినా, అడ్డగించినా, ఫొటోలు తీసినా, ఇలాంటి కాగితాలు పంచినా నేరం. నూటయాభై మీటర్లంటే ఇక్కడ పశువుల సంత ప్రహరీ దాకా. ఆ వార్త రేడియోలో విని, "ఈ నాలుగు ముక్కలు రాయడానికి ఇన్నేళ్ళా? వీళ్ళనీ చెయ్యి పట్టుకుని రోడ్డు దాటించాలి" అంది వెర్లీ, ఎదురుగా ఉన్న కీత్ ఖాళీ కుర్చీతో.

కాబట్టి ఇది ప్రార్థన బృందానికి ఆఖరి శుక్రవారం. అందుకని నగరం నుంచి కూడా మనుషులు బస్సు కట్టించుకుని వచ్చారు. ఫ్లాస్కులు, మడత కుర్చీలు, కేకు డబ్బాలతో నలభై మంది తీర్థానికి వచ్చినట్టు దిగారు. ఎదుటివాళ్ళ కష్టం చూడటానికి కేకు పట్టుకొచ్చే జాతి ఒకటుందని వెర్లీకి ఆ పొద్దున తెలిసింది. క్లెమ్ ఇస్త్రీ చొక్కా వేసుకుని, పెళ్ళికొడుకు తండ్రిలా అటూ ఇటూ తిరుగుతున్నాడు.

స్కూలు పిల్లలందరినీ దాటించేసరికి ఆమె గుండెల మీద ఎవరో మోకాలు ఆనించినట్టయింది. తొమ్మిది కావస్తోంది. జెండాలు పీకేసి ఇంటికి పోవచ్చు. సరిగ్గా అప్పుడు, వెనక తొట్టిలో కుక్క ఉన్న బురద ట్రక్కు వచ్చి ఆగింది. వెడల్పాటి టోపీ పెట్టుకున్న ముసలాయన దిగాడు. పక్కనుంచి పదిహేడేళ్ళ పిల్ల దిగింది, ఫుట్‌బాల్ జట్టు జాకెట్టు గడ్డం దాకా బిగించుకుని.

నలభై మందీ మూగారు. ఫోన్లు లేచాయి. ఒకావిడ పాట ఎత్తుకుంది.

"దారి వదలండయ్యా," అన్నాడు ముసలాయన. "పిల్ల భయపడుతోంది."

ఎవరూ వదల్లేదు. పిల్ల ట్రక్కు తలుపు పట్టుకుని బిగుసుకుపోయింది.

"తాతా, పోదాం పద. వచ్చే వారం వద్దాం."

"వచ్చే వారానికి నెలలు దాటిపోతాయి, ఇక్కడ చెయ్యరన్నారు కదే తల్లీ."

ఆ మాట వెర్లీ విన్నది. బోర్డు పైకెత్తి గుంపులోకి నడిచింది. "జరగండి. జరుగమ్మా. ఇంత బోర్డు కనబడట్లా? నువ్వు కేకు పక్కన పెట్టి జరుగు." స్టాప్ బోర్డును చూసి ఆ జనం చీలిపోయారు. ఆమె పిల్ల జాకెట్టు చెయ్యి పట్టుకుంది.

"మిసెస్ ట్రాంటర్," అన్నాడు క్లెమ్ అడ్డం వచ్చి. "ఈ ఒక్కరోజూ వదిలెయ్యండి. ఆఖరి రోజు. మీకూ మనస్సాక్షి ఉంటుంది కదా."

"ఉందిరా. అందుకే పక్కవాళ్ళ దాంట్లో వేలు పెట్టను. విజిల్ పడేదాకా గట్టు మీదే ఉండు. చిన్నప్పుడు చెప్పింది గుర్తుందిగా?"

క్లెమ్ చెవులు ఎర్రబడ్డాయి. ఆగిపోయాడు.

ముగ్గురూ రోడ్డు మీదికి దిగారు. పాల ట్యాంకరు ఒకటి ఆగింది. నడిమధ్యలో పిల్ల గొణిగింది, "వస్తున్నారా?"

"వెనక్కి చూడకు బంగారూ. రారు. వాళ్ళకు విజిల్ కావాలి."

పిల్ల నవ్వబోయి ఏడ్చింది. ముసలాయన టోపీ తీసి వెర్లీ వైపు చూసి, మళ్ళీ పెట్టుకున్నాడు.

పొద్దుటి ఎండ పడుతుందని ఆమె మడత స్టూలు క్లినిక్ వైపు జెండా దగ్గరే ఉంచుకునేది. దాని మీద కూర్చుంది. బోర్డు ఒళ్ళో పెట్టుకుని, విజిల్ కుడి పిడికిట్లోకి తీసుకుని, గోధుమరంగు తలుపు తెరుచుకుని మూసుకునేదాకా చూసింది. తలుపు మూసుకుంది. ఆమె తల జెండా కర్రకు ఆనింది. టోపీ కళ్ళ మీదికి జారింది.

స్కూలు వైపు గట్టు మీద నలభై మంది. జెండాలున్నాయి, గట్టు మీద జనం ఉన్నారు కాబట్టి ట్యాంకరు కదల్లేదు. దాని వెనక ఆరు కార్లు. హారన్ కొట్టే ధైర్యం ఎవరికీ లేదు.

"ఇంకెంతసేపు? రోడ్డు ఖాళీగానే ఉందిగా," అన్నాడు నగరం నుంచి వచ్చిన సూటాయన, కాలు దించబోతూ.

క్లెమ్ అతని మోచెయ్యి పట్టుకుని వెనక్కి లాగాడు. "ఆగండి. విజిల్ పడలేదు."

"ఆవిడ నిద్రపోతున్నట్టుందయ్యా."

"నిద్రా పాడా! మనల్ని ఏడిపిస్తోంది. నాకు చిన్నప్పట్నుంచీ తెలుసు ఆవిడ సంగతి."

తొమ్మిది నిమిషాలు నిలబడ్డారు. దేవుడి పనికి వచ్చామని చెప్పుకునే నలభై మంది ఆ దేవుణ్ణి ఒక్క మాటా అడగలేదు, విజిల్ కోసం చూశారు.

క్లినిక్‌లో ఫోన్లు ఎత్తే ఇమెల్డా, ప్రతి శుక్రవారం లాగే టీ కప్పు మీద బిస్కెట్టు పెట్టుకుని బయటికి వచ్చింది. "వెర్లీ, పిల్ల లోపల బాగానే ఉంది," అంది. కప్పు అందించబోయి, నేల మీద పెట్టింది. మోకాళ్ళ మీద కూర్చుని టోపీ పైకి జరిపింది. చెంప తాకి చూసింది. మెడ దగ్గర వేళ్ళు పెట్టి చాలాసేపు ఉంచింది. తర్వాత టోపీని మళ్ళీ నెమ్మదిగా కిందికి దించింది.

అవతల నుంచి క్లెమ్ రెండు చేతులూ నోటి దగ్గర పెట్టుకుని కేక వేశాడు. గొంతు అయిదో తరగతి పిల్లవాడిది.

"మిసెస్ ట్రాంటర్! దాటమంటారా?"

ఇమెల్డా ఆమె కుడి చేతిని తన చేతుల్లోకి తీసుకుంది. వెర్లీ పిడికిలి కాస్త వదులైంది. అందులో ఇత్తడి విజిల్, పొద్దున స్కూలు పిల్లల కోసం ఊదిన తడి ఆరిపోయి, నోటి దగ్గర ముప్ఫై ఒక్క ఏళ్ళ పంటి గాట్లతో ఎండలో మెరుస్తోంది.