పద అనేదాకా

మరి చికెన్ ముక్కలు ఏ చేత్తో తీయాలి, ఎడమ చేతిలో గారె, కుడి చేతిలో బూరె, జేబులో డబ్బా, ఈ చిన్న లెక్క తేలకే మూడు శనివారాలు గడిచాయి, ఇది నాలుగోది, నల్ల కుక్క గారె, గోధుమరంగుది బూరె, ఒకే కాన్పులో పుట్టిన అక్కాచెల్లెళ్ళు, ఒక్కటి చాలు అన్నాను నేను, ఒక్కదానికి తోడుండొద్దా అన్నాడు వంశీధర్, తోడు గురించి ఎంత బాగా మాట్లాడేవాడో మా ఆయన, రెండింటినీ తెచ్చాడు, ఎనిమిది నెలల కిందట రెండింటినీ నన్నూ కలిపి వదిలేసి పోయాడు, ఇప్పుడివి ఒకదాని మొహం ఒకటి చూసుకుంటాయి తప్ప నా మొహం చూడవు, ఒకదాన్ని ఇంట్లో ఉంచి ఒకదాన్ని బయటికి తెస్తే రెండూ వీధి అదిరేలా ఏడుస్తాయి, పక్కింటాయన ఊరుకుంటాడా, ఊరి కౌన్సిల్‌కి ఫిర్యాదు రాశాడు, వీటికి శిక్షణ ఇప్పించమని ఉత్తరం వచ్చింది, అందుకే ఈ దేశపు జులై చలిలో స్కోఫీల్డ్స్ గ్రౌండు, తడిగడ్డిలో నానిన బూట్లు, ఈ శిక్షణ.

అదిగో షారన్ వస్తోంది, ట్రైనరు, అరవై ఏళ్ళావిడ, ఆవిడ కనుబొమ్మ ఎత్తితే చాలు కుక్కలు కూర్చుంటాయి, నేనూ కూర్చోబోయాను ఒకసారి, రెండు కుక్కలుంటే ఇద్దరు మనుషులు రావాలని ఫారంలోనే ఉంది, రెండో మనిషి అన్న గళ్ళో వంశీధర్ అని నేనే రాశాను, మీ ఆయన ఈ వారమైనా వచ్చాడా అంటుంది, పెర్త్‌లో ప్రాజెక్ట్, వచ్చే వారం వస్తాడు అంటాను, ఈవిడకెందుకు అబద్ధం, ఈవిడేమైనా మన తెలుగు అసోసియేషనా, నోటికి అలవాటైపోయింది అంతే, వంశీ ఏడీ అని మొదటిసారి ఎవరో పార్టీలో అడిగినప్పుడు పెర్త్ అని నోట్లోంచి జారింది, తర్వాత గుడిలో అదే, వెస్ట్‌మీడ్‌లో మా ల్యాబ్‌లో భానుశ్రీ అడిగితే అదే, పెర్త్ అంటే విమానంలో ఐదు గంటలు, మనిషేమో కెల్లీవిల్‌లో, కారులో పదిహేను నిమిషాలు, చెప్పేదేదో కాస్త దగ్గరి ఊరు చెప్పినా బాగుండేది, అబద్ధం కాపాడుకోవాలి కనక పిలిచిన ఇళ్ళకి వెళ్ళడం మానేశాను, వాళ్ళు పిలవడం మానేశారు, నాకు ఒంటరిగా ఉంది, చాలా ఒంటరిగా ఉంది, ఇంతవరకు ఎవరితోనూ అనలేదు ఈ మాట, గారె చెవిలో తప్ప.

షారన్ ఈసారి కనుబొమ్మ ఎత్తలేదు, మెల్లగా చెప్పింది, అదే భయమేసింది, చూడమ్మా, ఇవాళ రెండో తాడు పట్టుకునే మనిషి లేకపోతే నేను వీటిని క్లాసులో ఉంచలేను, నిజం చెప్పనా, ఒక్కదానివే అయితే ఒకదాన్ని ఎవరికైనా ఇచ్చెయ్యడమే మంచిది, ఇచ్చెయ్యడమా, దేన్ని, వర్షం వస్తే నా మంచం కిందకి దూరే బూరెనా, నేను అన్నం తినేదాకా గిన్నె ముట్టని గారెనా, ఫోన్ తీశాను, మూడు వందల పేర్లు, వేలితో పైకీ కిందకీ, ఏ పేరు నొక్కినా అవతలి నుంచి వచ్చే మొదటి మాట వంశీ లేడా అనే, ఫోన్ జేబులో పెట్టేశాను, చికెన్ జిడ్డంతా దానికే.

ఏమ్మా కిరణ్మయీ అని పిలుపు, మా వెనకవీధి శేషుకుమారి ఆంటీ, రిటైరైన డాక్టరు, చీర మీద పఫర్ జాకెట్, కాళ్ళకి రన్నింగ్ షూస్, ప్రతి శనివారం గ్రౌండు చుట్టూ నడుస్తుంది, ప్రతి శనివారం నేను ఆవిడ కంట పడకుండా బూటు లేసు కట్టుకుంటున్నట్టు వంగుతాను, ఇవాళ వంగడానికి చేతులు ఖాళీ లేవు, మన వంశీ ఇంకా పెర్త్‌లోనేనా, అక్కడ వెదర్ ఎలా ఉందిట, బావుందిట ఆంటీ అనాలి, అనలేదు, ఆంటీ, ఈ తాడు కాస్త పట్టుకుంటారా అన్నాను, అమ్మో, నాకు డాగ్స్ అంటే చచ్చే భయమమ్మా, తెలుసుగా, తెలుసు, ఫరవాలేదులెండి అనబోతున్నాను, ఆవిడ నా కళ్ళల్లోకి చూసింది, ఏం కనపడిందో, పైటకొంగు చేతికి చుట్టుకుని, ఇటివ్వు, కరిస్తే మాత్రం నీదే బాధ్యత అని బూరె తాడు అందుకుంది.

స్టే, ఇవాళ్టి పాఠం, రెండింటినీ పది అడుగుల దూరంలో కూర్చోబెట్టి చెయ్యి చూపించి, పొడుగు తాళ్ళ కొసలు పట్టుకుని మేమిద్దరం ఇరవై అడుగులు వెనక్కి నడిచాం, షారన్ వెనకనుంచి హెచ్చరిస్తోంది, కూర్చోమన్నవాళ్ళే మళ్ళీ విడిచిపెట్టే మాట చెప్పాలి, మర్చిపోతే మంచి కుక్క కదలకుండా చూస్తూనే ఉంటుంది, తప్పు దానిది కాదు, నేను పెట్టుకున్న మాట పద, అది వినపడేదాకా కదలకూడదు, ఒక్క నిమిషం, గారె చూస్తోంది, బూరె చూస్తోంది, పక్కన ఆంటీ ఊపిరి బిగపట్టి తాడుని చంటిపిల్ల చెయ్యి పట్టుకున్నట్టు పట్టుకుంది, ఆంటీ, వంశీ పెర్త్‌లో లేడు, నోట్లోంచి వచ్చేసింది, తెలుసమ్మా, కెల్లీవిల్‌లో ఉంటున్నాడుగా, ఇండియన్ స్టోర్‌లో టూ టైమ్స్ కనపడ్డాడు, కరివేపాకు దగ్గర, నన్ను చూసి ఫ్రీజర్ వెనక్కి పోయాడు, మరి కనపడినప్పుడల్లా పెర్త్ అని అడుగుతారేం, నువ్వేగా పెర్త్ అన్నావు, నువ్వు ఇంకోమాట చెప్పేదాకా మేమెవరం తల్లీ మార్చడానికి, ఫోన్ చేస్తే బాధపడతావేమోనని, ఎన్నిసార్లు నీ నంబర్ తీసి పెట్టేశామో.

మేము అంది, అంటే ఆంటీ ఒక్కతే కాదు, భానుశ్రీ కూడా, ఆ మూడు వందల పేర్లలో ఎందరో, వదిలేశారనుకున్నాను, రోజూ రాత్రి అదే అనుకుని పడుకున్నాను, అక్కడే ఉండండని చెయ్యి చూపించి వెళ్ళిపోయింది నేను, వెనక్కి తిరిగి ఆ ఒక్క మాట అననిది నేను, కళ్ళు మసకబారాయి, మసకలో ఒక నలుపు, ఒక గోధుమరంగు, తోకలు గడ్డిని ఊడుస్తున్నాయి, ఒకదాన్నొకటి కాదు, రెండూ నా మొహమే చూస్తున్నాయి, పద అన్నాను, వాటికి వినపడలేదు, మళ్ళీ గట్టిగా పద అన్నాను, రెండూ నా వైపే వస్తున్నాయి, ఆంటీ అమ్మో అంటూ నా చెయ్యి పట్టుకుంది, ఈ ఒక్క మాట నేను అననందుకే ఇంతకాలం ఎవరూ రాలేదు.