విల్ఫ్ కుడిచెయ్యి

ప్రతి శనివారం హెస్టర్ టీ కొట్టు ముందు నిలబడి, శిలాజాలు ఏరుకోవడానికి వచ్చినవాళ్లకి ఒకే పాఠం చెప్పేది. సముద్రం వెనక్కి తగ్గేటప్పుడు వెళ్లండి, మళ్లీ ముందుకు రాకముందే వచ్చెయ్యండి. సుద్దకొండకి ఎంత దూరంగా నడవగలిగితే అంత దూరంగా నడవండి. వాన పడ్డ మర్నాడు, మంచు కరిగే రోజు అసలు రావద్దు. కింద పడ్డ రాయి మీది, కొండలో ఉన్న రాయి కొండది. ఇదంతా చెప్పి, తన హెల్మెట్ పట్టీ బిగించుకుని ముందు నడిచేది. సస్సెక్స్ తీరం మొత్తంలో ఈవిడంత పిరికిది లేదని కొందరు చాటుగా నవ్వుకునేవారు.

నవ్వినా మాట మాత్రం వినేవారు. హెస్టర్ మొగుడు విల్ఫ్ ఆ మాట వినకే పోయాడు మరి. మంచు కరుగుతున్న ఓ పొద్దున, కొండలో బండి చక్రమంత రాతినత్త శిలాజం కనిపించిందని సుత్తి పట్టుకుని వెళ్లాడు. కొండ విరిగి మీద పడింది. ఎంత తవ్వినా మనిషి దొరకలేదు.

తర్వాతి చలికాలం నుంచి కొద్దికొద్దిగా దొరకడం మొదలుపెట్టాడు. కొండ ఎక్కడ విరిగిపడినా ఆ తెల్లటి సుద్దలో విల్ఫ్ ముక్క ఒకటి, నల్లటి చెకుముకి రాయిగా మారి బయటపడేది. ముందు మోకాలు, తర్వాత చెవి, ఆ తర్వాత బూటుతో సహా ఎడమ పాదం. "విల్ఫ్ ఎడమ మోచెయ్యి గుమ్మం దగ్గర పెట్టానండీ," అని పోస్ట్‌మ్యాన్ ఉత్తరాలిస్తూ చెప్పిపోయేవాడు. హెస్టర్ వాటిని కడిగి, తుడిచి, మంచం మీద ఆయన పడుకునే వైపు వరసగా పేర్చేది. మంచం ఆ పక్కకి కుంగిపోయింది.

"బతికున్నప్పుడూ ఇంతే. ఏ పనీ ఒక్కసారిగా చేసి చావడు," అని తిట్టేది. తిట్టి, ఆ రాళ్ల పక్కనే పడుకునేది.

ఇక కుడిచెయ్యి ఒక్కటే మిగిలింది. అదీ దొరికితే సమాధి చేసేద్దామని పాస్టరుగారు అన్నారు. ఊరంతా ఆ చెయ్యి కోసం చూస్తుంటే, హెస్టర్ మాత్రం ఆ సంగతి ఎత్తగానే మాట మార్చేసేది. ఆయన్ని మట్టిలో పెట్టేశాక ఆ ఇంట్లో తనేం చెయ్యాలో ఆవిడకి తెలియలేదు.

ఫిబ్రవరిలో పది రోజులు ఊరంతా గడ్డకట్టుకుపోయి, పదకొండో రోజు ఎండ కాసింది. టీ కొట్టు పౌలీన్ రొప్పుకుంటూ వచ్చింది.

"చెయ్యి కనిపించిందే హెస్టర్! కానీ కింద పడలేదు. కొండలోంచి బయటికి చాచి ఉంది."

హెస్టర్ కోటు తొడుక్కుని బయల్దేరింది. గులకరాళ్ల మీద సగం దూరం నడిచాక గానీ పౌలీన్ గమనించలేదు.

"నీ హెల్మెట్ ఏదే?"

"ఇంట్లో ఉంది."

"కొండ నీళ్లు కారుతోంది, కళ్లు కనిపించట్లేదా? అది పడేదాకా ఆగు తల్లీ."

"చెయ్యి చాపి పిలుస్తున్నాడే. ఇన్నాళ్లకి పిలిచాడు. నన్ను వెళ్లనీ."

ఆవిడ వెళ్తున్నది చెయ్యి తెచ్చుకోవడానికి కాదని పౌలీన్‌కి అప్పుడు అర్థమైంది. "ఒసేయ్, నీకేమైనా పిచ్చా!" అని అరుస్తూ వెంటపడింది. కీళ్లనొప్పుల కాళ్లు, అందుకోలేకపోయింది.

హెస్టర్ కొండ కిందికి చేరి, భుజమెత్తున ఉన్న ఆ నల్లటి చేతిలో తన చెయ్యి పెట్టింది. పైనుంచి సుద్దపొడి జుట్టు మీద రాలుతోంది. "వచ్చాను," అంది. ఆ వేళ్లు ఒక్కసారి గట్టిగా నొక్కాయి. తర్వాత ఆ చెయ్యి విడిపించుకుని, అరచెయ్యి ఆవిడ గుండెల మీద ఆనించి, ఒక్క తోపు తోసింది. హెస్టర్ ఎగిరి వెల్లకిలా పడింది. ఆవిడ నిలబడ్డ చోట కొండ కూలింది.

దుమ్ము అణిగేసరికి కొత్త సుద్దగుట్ట ఉంది, చెయ్యి లేదు. పౌలీన్ వచ్చి పక్కనే కూలబడి, ఏడుస్తూ ఆవిడ ముఖం తుడిచింది.

"రావద్దన్నాడే," అంది హెస్టర్. తర్వాత పౌలీన్ భుజం ఆసరాగా లేచి నిలబడింది.

"సముద్రం ముందుకొస్తోంది, పద. ఇద్దరం తడిసిపోతాం."