అంకమరావు కోటు

నేను ఒక కోటుని. కోటు అనగానే మంచు కురిసే దేశాల కబుర్లు చెబుతాననుకోకండి. నేను పుట్టిందీ పెరిగిందీ చీరాలలోనే. మా ఊళ్లో ఏడాది మొత్తానికి చలేసేది ఓ పదిహేను రోజులు. దానికి ఒక దుప్పటి చాలు. అలాంటి ఊళ్లో కోటుతో ఏం పనంటారా? ఫొటోతో పని. గడియార స్తంభానికి నాలుగడుగుల దూరంలో ఖాజావలి గారి ఫొటో స్టూడియో ఉండేది. అందులో ముప్పై ఏళ్లు కొలువు చేశాను. ఊళ్లో సగం మంది మగవాళ్ల ఒంటిమీదికి ఎక్కాను, ఒక్కొక్కరి మీద ఐదు నిమిషాలు. వాళ్లలో ఒక్కడు కూడా నన్ను వెంటబెట్టుకుని గుమ్మం దాటలేదు.

నన్ను ఎంచిన రోజు నాకు బాగా గుర్తు. అప్పుడు నేనింకా బట్టల కొట్లో తానుగానే ఉన్నాను. ఖాజావలి గారు కొత్తగా స్టూడియో తెరిచారు. వచ్చేవాళ్లంతా పనిలోంచి అట్నుంచటే వచ్చేవాళ్లు. కాలరు నలిగిన గళ్ల చొక్కా, కాకీ చొక్కా, ఒక్కోసారి బనీను మీద తువ్వాలు. ఫొటోనేమో పెళ్లి సంబంధానికో, ఉద్యోగం దరఖాస్తుకో. వాటన్నిటి మీదా వేయడానికి ఒక మంచి కోటు కుట్టించాలని దర్జీ దానియేలుని వెంటబెట్టుకుని ఆ కొట్టుకి వచ్చారు.

"నలుపు తీసుకుందాం వలీ, దొర మాదిరి ఉంటది" అన్నాడు దానియేలు.

"నలుపు ఫొటోలో ముద్దయిపోద్దయ్యా. కోటు కనపడదు, మనిషి తలకాయ ఒక్కటే గాల్లో తేలుతున్నట్టుంటది."

"పోనీ తెలుపు?"

"నాలుగు రోజుల్లో మెడ దగ్గర జిడ్డు పట్టుద్ది. చూడు దానియేలూ, లోపల ఏ చొక్కా ఉన్నా సరే, పైన ఇది పడితే పెళ్లికొడుకైపోవాల. అట్టాంటిది కావాల."

గంటసేపు తానులన్నీ దింపించి, చివరికి ముదురు బూడిదరంగులో, దగ్గరికొస్తే గాని కనపడని సన్న చారలున్న నన్ను పట్టుకున్నారు. అంత శ్రద్ధగా నన్ను ఎంచుకున్నవాళ్లు ఆ తర్వాత మళ్లీ ఒక్కరే. ఆ సంగతికి వస్తాను.

దానియేలు మంచి పనివాడు. కాలరు వెడల్పుగా, అప్పటి ఫ్యాషన్ ప్రకారం దర్జాగా తీశాడు. కానీ కొలత దగ్గరే వచ్చింది చిక్కు. అందరికీ పట్టాలని ఎవరి కొలతా తీసుకోకుండా కుట్టాడు. అందువల్ల నేను ఎవరికీ సరిపోలేదు. సన్నటివాళ్లకి వెనకవైపు బట్టల క్లిప్పులు పెట్టి బిగించేవారు. ముందునుంచి చూస్తే జమీందారు, వెనకనుంచి చూస్తే దండెం. జేబుల సంగతి మరీ అన్యాయం. "ఫొటోలో పడని జేబులెందుకు, గుడ్డ దండగ" అన్నారు ఖాజావలి గారు. దానియేలు పైన మూతలు మాత్రం కుట్టి ఊరుకున్నాడు. హుందాగా జేబులో చెయ్యి పెట్టబోయి భంగపడి, దిక్కులు చూసినవాళ్లు నాకు కొల్లలుగా తెలుసు.

మూడో ఏట ఒక మిఠాయి కొట్టు ఆసామి వచ్చాడు. పొట్ట లోపలికి లాగి, ఊపిరి బిగబట్టి, ఫొటో తీసేలోగా పట్టలేక వదిలేశాడు. నా నడిమి గుండీ టప్పున తెగి ఎక్కడికో ఎగిరిపోయింది. బల్లల కింద, తెర వెనక ఎంత వెతికినా దొరకలేదు. ఖాజావలి గారు ఏదో పాత రెయిన్‌కోటు గుండీ తెచ్చి కుట్టారు. పైదీ కిందదీ నల్లవి, ఇదేమో గోధుమరంగుది, కాస్త పెద్దది. అప్పటినుంచి నన్ను తొడుక్కుని దిగిన ప్రతి ఫొటోలోనూ ఆ గుండీ ఉంది.

మనుషుల్ని చూస్తే నాకు నవ్వొచ్చేది. నన్ను తొడుక్కోగానే ఎవరైనా ముందు మెడ సాచుతాడు. గొంతు కూడా మారిపోతుంది. అప్పటిదాకా "ఓ వలీ" అన్నవాడు "చూడండి వలీ గారూ" అంటాడు. ఐదు నిమిషాలయ్యాక నన్ను విప్పి, చెమట తుడుచుకుని, మళ్లీ మామూలు మనిషైపోయి వెళ్లిపోతాడు. వెనక్కి తిరిగి చూడడు. ఎందుకు చూడాలి? నాకు వాళ్ల చెమటలు తెలుసు గాని, వాళ్లు తెలియరు. రంగులేసిన కొండలూ చెరువూ ఉన్న తెర ఒకటి నా వెనకాల, వీధి నా ఎదురుగా. రిక్షాలు పోయేవి, జనం పోయేవాళ్లు. నాకు ఒక్కటే కోరిక ఉండేది. ఎవరో ఒకరితో, ఒక్కసారి, ఆ గుమ్మం దాటాలి.

తర్వాత కంప్యూటరు వచ్చింది. మనిషి బనీనుతో కూర్చున్నా ఫరవాలేదు, కోటు తెరమీద అతికిస్తారు. ఆ కోటుకి చెమట పట్టదు, గుండీ ఊడదు, ఎవరికైనా కొలిచి కుట్టినట్టు సరిపోతుంది. దానితో నాకు పోటీ ఎక్కడిది? నన్ను తీసుకెళ్లి ఫొటోలు కడిగే చీకటిగదిలో మేకుకి తగిలించారు. ఆ గదికీ పని లేదు, నాకూ లేదు. రెండేళ్లు అలా వేలాడాను. వాడి పారేసినందుకు బాధపడలేదు గాని, తలుచుకోవడానికి నాకంటూ ఒక్క మనిషి లేకపోవడం బాధనిపించింది.

అలా ఉండగా, మండువేసవిలో ఒక పొద్దున, శేషారత్నం వచ్చింది. యాభై దగ్గర పడిన మనిషి. వెలిసిన వాయిల్ చీర. చేతిలో న్యూస్ పేపరులో చుట్టిన ఫొటో. చీకటిగది తలుపు తీసే ఉండటంతో అంతా నాకు కనిపిస్తూనే ఉంది.

"వలీ గారూ, మా ఆయన కోటు మీ దగ్గరుందంట. తీసకపోదామని వచ్చాను."

"ఏ కోటమ్మా?"

ఆమె పేపరు విప్పింది. నలుపు తెలుపు ఫొటో. సన్నటి మనిషి, పెద్ద కాలరు, చెవులదాకా నవ్వు. నడిమి గుండీ వేరే.

"జాండ్రపేట అంకమరావు. కూలి మగ్గం నేసేవాడు. ఈ ఫొటో చూసే నేను పెళ్లికి ఒప్పుకున్నా. పెళ్లయినాక ఆ కోటేదయ్యా అంటే, వలీ గారు అడిగితే ఇచ్చా, స్టూడియోలో ఉంది, ఎప్పుడంటే అప్పుడు తెచ్చుకోవచ్చు అన్నాడు. ఇరవై నాలుగేళ్లు అదే మాట. నేనూ తెమ్మని పోరలేదు. పోయినేడు కాలం చేశాడు. ఎల్లుండి సంవత్సరీకం. ఫొటో ముందు బట్టలు పెట్టాల గదా. ఏనాడూ కట్టని పట్టుపంచె పెడితే ఆయనకేం ఆనుద్ది? కోటు పెడదామని."

ఆమె గొంతు తగ్గించింది.

"మా తోటికోడలు పదిమందిలో నవ్విందండీ. అది స్టూడియో కోటే పిచ్చిదానా, ఊరంతా ఏసుకుందే, బతికినన్నాళ్లూ నిన్ను నమ్మించాడు అంది. మాకు పిల్లల్లేరు. ఆయన మాట తప్ప నాకింకేం మిగల్లేదు. అందుకని మిమ్మల్నే అడుగుతున్నా. ఆయన నాకు అబద్ధం చెప్పాడా?"

నేను ఎంత గింజుకున్నా నాకు అంకమరావు గుర్తుకు రాలేదు. ఖాజావలి గారికీ గుర్తుకు రాలేదని ఆయన ముఖమే చెబుతోంది. ఈలోగా ఆమె చూపు గోడమీదికి పోయింది. గోడనిండా మాదిరి ఫొటోలు. పద్నాలుగు మంది మగవాళ్లు, పద్నాలుగు మంది మీదా నేనే, పద్నాలుగు చోట్లా అదే గుండీ.

"వీళ్లంతా... మా ఆయన కోటే ఏసుకున్నారా?"

ఖాజావలి గారు కళ్లజోడు తీసి తుడుచుకున్నారు. ఆయన అబద్ధమాడగా నేను ఒక్కనాడూ వినలేదు. మెల్లకన్ను ఉంటే మెల్లకన్నే ఉందని ముఖం మీదే చెప్పే మనిషి.

"అవునమ్మా. అంకమరావు కోటే. పదిమందికీ పనికొస్తదిలే, ఉంచు వలీ అని ఇచ్చిపోయాడు. ఎవరికీ కాదనే మనిషి కాదుగా."

ఆమె ఆ పద్నాలుగు ఫొటోలనూ ఒక్కొక్కటే చూసింది. ఆ తర్వాత పైటచెంగు నోటికి అడ్డం పెట్టుకుని ఏడ్చింది. ఏడుస్తూనే, "చూడు, ఎంతమందికి సంబంధాలు కుదిర్చాడో!" అంది.

ఖాజావలి గారు నన్ను మేకు మీంచి దించి, దుమ్ము దులిపి, వెనక క్లిప్పులు ఒక్కొక్కటే తీసేశారు. నా భుజం మీద ఒకసారి చెయ్యి వేసి, మడిచి ఆమెకిచ్చారు. గుమ్మం దాటాం. ముప్పై ఏళ్లు చూసిన వీధే. కానీ అందులో పడి పోతుంటే అంత ఎండ ఉంటుందని నేననుకోలేదు.

సంవత్సరీకం నాడు నన్ను ఆయన ఫొటో ముందు పీట మీద పెట్టారు. తోటికోడలు వంగి ఫొటోలో గుండీ చూసింది, నా గుండీ చూసింది. లేచి విస్తళ్లు వేయడానికి పోయింది. శేషారత్నం ఆ పూట కడుపునిండా తిన్నది.

చలికాలం వచ్చేసరికి ఆమె నన్ను తొడుక్కోవడం మొదలుపెట్టింది. తెల్లవారుతూనే రైల్వే గేటు దగ్గర ఇడ్లీ బండి పెడుతుంది. అదే వెలిసిన చీర, దానిమీద నేను, చేతులు మూడు మడతలు పైకి. "రత్నమ్మక్కా, ఇయ్యాల దొరసానమ్మ మాదిరి ఉన్నావే!" అని ఇడ్లీలకొచ్చినవాళ్లు ఆటపట్టించేవారు. "మా ఆయన కోటు" అనేది, మెడ సాచి. ఖాజావలి గారు అన్నది నిజమే. లోపల ఏదున్నా సరే, పైన నేను పడితే మనిషి మారిపోతుంది.

ఒకే ఒంటిమీద గంటలకొద్దీ ఉండటం నాకు అదే మొదలు. ఆమె ఎడమ భుజం నొప్పి నాకు తెలిసింది. ఇంటికొచ్చాక ఒక్కదానికి ఎసరు ఎంత పెట్టాలో ఇంకా అలవాటు కాక, రోజూ ఎక్కువే వండుకుంటుందని తెలిసింది. నా చెయ్యి పట్టుకుని ఆయనతో మాట్లాడినట్టే మాట్లాడేది. బండి చక్రం సంగతి, పిండి పులవని సంగతి, అన్నీ. వింటుంటే నాకు దిగులేసేది. ఆమె తలుచుకునే మనిషి ముఖం నాకు తెలియదు. ఆమె ఒంటరిది, ఆమె భుజాల మీద నేను ఇంకో ఒంటరివాణ్ణి. ఆ మాట చెప్పడానికి నాకు నోరు లేదు.

ఒక మధ్యాహ్నం తాళంచెవి జేబులో వేసుకోబోయింది. చెయ్యి జారింది. మూత ఎత్తి చూసింది. రెండో వైపూ చూసింది. నన్ను విప్పి, చాపమీద పరిచి, లోపలిది బయటికి తిప్పింది. మగ్గం ఇంట్లో బతికిన మనిషికి గుడ్డ సంగతి ఒకరు చెప్పాలా? సొంతానికి కుట్టించుకున్నవాడు ఎవడూ జేబుల్లేకుండా కుట్టించుకోడు. నన్ను తీసుకెళ్లి పొయ్యిలో పెడుతుందని భయపడ్డాను. ఆమె తలెత్తి ఫొటో వైపు చూసింది.

"పిచ్చోడా! కోటు చూసి ఒప్పుకున్నాననుకున్నావా? ఎవరిదో కోటు, అతుకు గుండీ, అయినా చెవులదాకా నవ్వావే, ఆ నవ్వు చూసి ఒప్పుకున్నా. నిజం చెప్పినా నిన్నే చేసుకునేదాన్ని గదయ్యా."

లేచి, ట్రంకుపెట్టె తెరిచి, ఆయన పాత చొక్కా ఒకటి తీసింది. కాసేపు ముఖానికి ఆనించుకుంది. తర్వాత కత్తెర పెట్టి రెండు ముక్కలు కోసింది. దానియేలు వేసిన కుట్లు విప్పి, రెండు వైపులా జేబు సంచులు పెట్టి, పొద్దువాలేదాకా చేత్తోనే కుట్టింది.

ఇప్పుడు ఎవరిదమ్మా ఆ కోటు అని ఎవరైనా అడిగితే, మా ఆయనదే అంటుంది, తడుముకోకుండా. తెల్లారి ఇడ్లీలు ఉడికేలోగా చలికి ఆమె చేతులు రెండూ ఆ జేబుల్లోకి పోతాయి. అక్కడ ఆ చేతులకు తగిలేది ఆయన చొక్కా. నేను బయట, మంచులో, ఊరుకుని ఉంటాను.