ఆపని ఇంజిన్

“కారు ఫ్యాన్ సప్పుడొస్తే ఇంజిన్ బంద్ చెయ్యాలె. ఎన్నిసార్లు చెప్పాలె నీకు?”

మా ఆయన రాజం ఆ మాట అన్నప్పుడు నేను గిన్నెలు తోముతున్నాను. ఆయన ఓపెన్‌కాస్ట్ బొగ్గు గనిలో పెద్ద డంపర్ లారీ నడుపుతాడు. అక్కడ షిఫ్టు మారేటప్పుడు కూడా డంపర్ ఇంజిన్ ఆపరు. అదే అలవాటును మా సెకండ్ హ్యాండ్ డీజిల్ కారుకూ పెట్టాడు. పొద్దున ఆయన స్నానం, పూజ అయ్యేదాకా కారు వాకిట్లో ఊరికే నడుస్తూ ఉండాలి. ఆ తర్వాత అది నా పనులకు. పిల్లల్ని బడిలో దింపడం, అత్తమ్మను మోకాలి వ్యాయామాలకు తీసుకుపోవడం, కూరగాయలు. అన్నీ బెల్లంపల్లి లోపలే. ఊరు దాటనిచ్చేవాడు కాదు.

స్టీరింగ్ ముందు పసుపు లైటు వెలిగి వారమైంది. పొగలోని మసిని పట్టే ఫిల్టర్ నిండిందని దానర్థం.

“ఆడోళ్లు తోల్తే గిట్లనే ఖరాబైతది. పోశం పొద్దుగూకంగ వచ్చి తీస్కపోతడు, ఇగ ఆడనే వాడుకుంటడు. గా ఫిల్టర్ కోసి పారేస్తడట.”

పోశం ఖానాపూర్‌లో ఉండే నా మరిది.

“మరి సోమవారం నా ఉద్యోగం?”

“గీ బండి లక్సెట్టిపేట దాక ఏం పోతది! రానని ఫోన్ చెయ్యి.”

అక్కడి ఆసుపత్రి ల్యాబులో టెక్నీషియన్ పని అది. పెళ్లికి ముందు చదివిన చదువుకు ఇన్నాళ్లకు వచ్చిన పిలుపు. బస్సులు మారి వస్తే బడి వదిలేసరికి ఇంటికి చేరలేను. రాజంకు ఆ సంగతి బాగా తెలుసు. కారు పోతే ఉద్యోగం దానంతట అదే పోతుంది. వద్దన్నాడన్న మాట కూడా ఆయన మీదికి రాదు.

ఆయన డ్యూటీకి వెళ్లాక, అదే ఆసుపత్రిలో పనిచేసే నా దోస్తు రుబీనాకు ఫోన్ చేశాను.

“పసుపు లైటేనా? ఎర్రది కాదు గదా?” అంది. “ఎందుకు పరేషానైతవ్ స్వరూపా! మా హారిస్ భాయ్ బండికి గట్లనే అయింది. వాకిట్ల ఊకె నడిపిస్తే మసి నిండుతది. మీ ఆయన దాన్ని డంపరనుకుంటుండా ఏంది? పెద్ద రోడ్డెక్కి ఆపకుంట తోలు. వేడికి మసి కాలిపోతది. అప్పుడు ఫ్యాన్ జోర్‌గ మోగుతది. భయపడి ఆపకు.”

కారు తనను తాను బాగుచేసుకోబోయిన ప్రతిసారీ మేమే ఆపేశామన్నమాట.

అత్తమ్మ చంద్రవ్వను ఎక్కించుకుని వ్యాయామాలకని బయలుదేరాను. తిరగాల్సిన మలుపులో తిరగలేదు.

“ఎటువోతున్నవే?”

“జర గాలి తినొద్దాం అత్తమ్మా.”

“మోకాలి నొప్పికి గాలి మందా?”

మంచిర్యాల దాటాక ఒక బొగ్గు లారీ అడ్డం వచ్చింది. నెమ్మదించగానే ఫ్యాన్ హోరెత్తింది. కాలుతున్న వాసన.

“ఆపే! రాజం ఆపుమన్నడు గదా! వాసనొస్తుంది, ఆపు!”

నా కాలు దానంతట అదే బ్రేకు మీదికి పోయింది. ఆ ఇంట్లో ఏ గొంతు లేచినా ముందు ఆగేది నేనే. చదువుతుంటే పుస్తకం మూసేదాన్ని, మాట్లాడుతుంటే ఫోన్ పెట్టేసేదాన్ని, నవ్వుతుంటే నవ్వు మింగేదాన్ని. రుబీనా చెప్పింది తప్పైతే? నడిరోడ్డు మీద బండి ఆగిపోతే ఈ పెద్దమనిషిని ఎట్లా ఇంటికి చేర్చాలి? చెప్తే విన్నదా అని బతికినన్నాళ్లూ అంటారు. కానీ ఇప్పుడు ఆపితే పొద్దుగూకేసరికి పోశం వస్తాడు. కారు పోతుంది, సోమవారం కూడా పోతుంది.

బ్రేకు మీది నుంచి కాలు తీశాను. లారీని దాటి వేగం పెంచాను. వెనక అత్తమ్మ దేవుళ్లందరినీ పిలుస్తోంది.

లక్సెట్టిపేట దగ్గర పడుతుండగా పసుపు లైటు ఆరిపోయింది. మళ్లీ చూశాను. లేదు. బండి బరువు దించుకున్నట్టు ముందుకు ఉరికింది. గట్టిగా నవ్వేశాను.

“ఏమైందే నీకు?”

“బాగైంది అత్తమ్మా! కారు బాగైంది!”

ఆమె నన్నూ, రోడ్డునూ మార్చి మార్చి చూసింది. “అయితే గా చాయ్ హోటల్ కాడ ఆపు. గిప్పుడన్న ఆపుతవా?”

చాయ్ తాగుతుంటే రాజం ఫోన్.

“అవ్వను వ్యాయామాలకు తీస్కపోలేదట. ఎక్కడున్నవ్?”

“లక్సెట్టిపేటల. లైట్ పోయింది. బండి మంచిగ నడుస్తుంది.”

“పోశం బయలెల్లిండు. జల్ది రా.”

“రానియ్యి. అన్నం తిని పోతడు. కారు మాత్రం ఇయ్య. సోమవారం డ్యూటీల చేరుతున్న.”

“ఎవర్నడిగి?”

అత్తమ్మ చాయ్ ఊదుకోవడం ఆపి నా వైపే చూస్తోంది.

“ఎవర్నీ అడగలే,” అన్నాను. “నీకు చెప్తున్న.”